ఎండకు నిలిచిన మేక, ఉక్కకు ఒరిగిన మేక

లంబాడీల చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా ఎద్దుల గురించే రాశారు. అది న్యాయమే. 1632లో ఆగ్రా నుంచి పాట్నాకు పోతున్న పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి దారిలో ఒక తండాను చూశాడు. అందులో ధాన్యం మోస్తున్న ఎద్దులు 14,000 అని తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. మొగలుల సైన్యాల వెంట, తర్వాత దక్కనులో నిజాముల సైన్యాల వెంట తిండిగింజలు, ఉప్పు నడిచింది మా ఎద్దుల వీపుల మీదే. 1874లో వాడి నుంచి హైదరాబాదుకు రైలు వచ్చింది. రైలు చేరిన చోటల్లా ఎద్దు మీది గోనెకు పని తగ్గింది. బిడారులు ఆగిపోయాయి. మా పెద్దలు గుట్టల కింద, అడవి అంచుల్లో, నాగలి దిగని రాతి నేలల్లో గుడిసెలు వేసుకుని నిలిచారు. దేవరకొండ, చందంపేట, డిండి, అచ్చంపేట చుట్టూ ఇవ్వాళ కనిపించే తండాలు ఎన్నో అలా నిలిచినవే.

ఇక్కడికి వచ్చేసరికి పుస్తకాలు ఆగిపోతాయి. బిడారు ఆగినాక మమ్మల్ని ఎవరు బతికించారని అడిగితే మా ఇళ్లలో ముసలివాళ్లు చెప్పే జవాబు ఒకటే: బోకడో, అంటే మేకపోతు, దాని తల్లి, దాని పిల్లలు. ఎద్దు మగవాళ్ల సొత్తు. మేక మా యాడీల సొత్తు. పుట్టింటివాళ్లు ఇచ్చిన ఒక్క ఆడపిల్ల నాలుగేండ్లలో మంద అయ్యేది. సావుకారు దగ్గర కుదువ పెట్టిన కడియం విడిపించినా, కరువు ఏడు జొన్నలు కొన్నా మేక అమ్మే. మా ఇంట్లో మొదటిసారి టీచర్ ట్రైనింగ్ ఫీజు కట్టింది కూడా నాలుగు పోతులు అమ్మి. 2019 పశుగణనలో తెలంగాణ మేకలు 49 లక్షల దాకా తేలాయి. ఆ లెక్కలో తండాల ఆడవాళ్ల చేతి కష్టం ఎంత ఉందో ఏ పుస్తకమూ చెప్పదు.

అందుకే ఈ వ్యాసంలో మేక చరిత్రే రాస్తున్నాం. అందులోనూ ఒక్క ముక్క: ఎండతో, ఉక్కతో మా మేకలు, వాటితో మేము ఎలా బతికాం, ఆ తెలివి ఎక్కడ జారిపోయింది అన్నది.

ఏడాదిలో రెండు వేడులు

పాలమూరు, నల్లగొండ మెట్టల్లో వేడి ఒకటి కాదు, రెండు. మొదటిది పొడి వేడి. హోళీ పోయినాక మొదలై రోహిణి కార్తెలో రోళ్లు పగిలేదాకా ఉంటుంది. నల్లగొండ వైపు 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్త కాదు. చెరువు అడుగు నెర్రెలిస్తుంది, వడగాలి ముఖం మీద కొడుతుంది, ఒంటి మీద చెమట కనబడకముందే ఆరిపోతుంది.

రెండోది తడి వేడి. మిరుగు వచ్చి ఒకటి రెండు వానలు పడి మళ్లీ మొగులు పట్టి ఆగినప్పుడు వస్తుంది. ఎండ కనబడదు, గాలి ఆడదు, ఒళ్లంతా జిడ్డు. దీన్నే ఉబ్బరం అంటాం, ఉక్కపోత అంటాం. థర్మామీటరు చూస్తే అంకె పది డిగ్రీలు తగ్గి ఉంటుంది. మనిషి "అమ్మయ్య, ఎండాకాలం పోయింది" అనుకుంటాడు.

మా దాది అలా అనుకునేది కాదు. నాయనను కన్న ఆ ముసలమ్మ చదువు లేనిది. మే నెలంతా మందను చూసి దిగులు పడేది కాదు గాని, ఆషాఢం మొగులు పట్టగానే రాత్రి రెండు మూడు సార్లు లేచి దొడ్డిలోకి పోయేది. "ఎండ మేకను ఆపుతది బేటా, ఉబ్బరం మేకను తీసుకపోతది" అని మాతో చెప్పేది. మేము చదువుకుని, ట్రైనింగ్ అయి, బళ్లో సైన్సు చెప్పడం మొదలుపెట్టినాకే ఆ మాట మాకు అర్థమైంది.

పొడి ఎండలో మేక

మేక పొడి నేలల జంతువు. దాని ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 39.5 డిగ్రీలు. మనకన్నా ఎక్కువే. ఎండ ముదిరినప్పుడు అది ఏం చేస్తుందో మందతో తిరిగిన పిల్లలందరికీ తెలుసు. తెల్లవారుజామున గబగబా మేస్తుంది. ఎండ నెత్తికెక్కే వేళకు మేత ఆపేసి వేప నీడకో, చింత నీడకో చేరుతుంది. నీడ చాలకపోతే ఒకదాని నీడలో ఒకటి తల పెట్టుకుని నిలబడతాయి. పండుకోవు. నిలబడితే పొట్ట కింద గాలి ఆడుతుంది. పొద్దు వాలినాక మళ్లీ మేతకు కదులుతాయి.

మధ్యాహ్నం మేయకపోవడం సోమరితనం కాదు. మేక పొట్టలో మేత పులిసేటప్పుడు వేడి పుడుతుంది. బయటి వేడికి లోపలి వేడి తోడు కాకుండా అది తనను తానే కాపాడుకుంటుంది. అందుకే ఎండుగడ్డి, చొప్ప పొద్దుగూకినాకే వెయ్యాలని మా పెద్దలు అనేవాళ్లు. పగలు నీడలో తుమ్మకాయలు నాలుగు వేసి, నీళ్లు పెట్టి, ఉప్పురాయి కట్టేవాళ్లు.

నీళ్ల విషయంలోనూ మేక గట్టిదే. సీనాయి ఎడారిలో బెదూయిన్లు నల్ల మేకలను పెంచుతారు. అవి రెండు నుంచి నాలుగు రోజులకు ఒకసారి నీళ్లు తాగి కూడా బతకగలవని అక్కడి శాస్త్రవేత్తలు చూశారు. పొట్టలోని పెద్ద సంచినే నీటి తొట్టిలాగా వాడుకుంటాయట. నల్ల రంగు ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది, నిజమే. కాని చలికాలం పొద్దున ఆ ఎండే వాటికి మేత ఖర్చు తగ్గిస్తుంది. మన దక్కనులో పేరున్న ఉస్మానాబాదీ మేకల్లోనూ ఎక్కువ నల్లవే. ఆ ఉస్మానాబాద్ 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లానే. పొడి దేశాల మేకకాపరులు ఒకరినొకరు చూడకుండానే ఒకే రకం మేకను నమ్ముకున్నారు.

అంటే ఎండలో మేకకు బాధ లేదని కాదు. పాలు తగ్గుతాయి, బరువు తగ్గుతుంది, పోతులు దాటడానికి ఇష్టపడవు, చూలు మేక ఈనిన పిల్ల చిన్నగా ఉంటుంది. నీడ, నీళ్లు లేకపోతే వడదెబ్బకు చస్తుంది కూడా. కాని అవి రెండూ ఉంటే ఎండాకాలాన్ని ఈదుకుని వస్తుంది.

కుండ చెప్పే పాఠం

మరి ఉక్కలో ఏమవుతుంది? మా బళ్లో దీన్ని కుండతో మొదలుపెడతాం. ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయని అడిగితే, కుండ చెమర్చి ఆ తడి ఆరుతుంది కాబట్టి అని పిల్లలే చెబుతారు. ఆషాఢంలో అదే కుండలో నీళ్లు ఎందుకు చల్లబడవని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. గాలిలో అప్పటికే తడి నిండి ఉంది. కుండ తడి ఆరడానికి చోటు లేదు.

తర్వాత రెండు థర్మామీటర్లు తీసి ఒకదాని గోళానికి తడిగుడ్డ చుడతాం. 40 డిగ్రీల పొడి గాలిలో, అంటే గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు, తడిగుడ్డ ఉన్నది 22 దగ్గర ఆగుతుంది. 33 డిగ్రీల తడి గాలిలో, తేమ 60 శాతం దాటినప్పుడు, అది 26 దాకా పోతుంది. బయట అంకె తగ్గింది, తడిగుడ్డ అంకె పెరిగింది. ఒంటి మీద తడి ఆర్చుకుని బతికే ప్రాణికి లెక్క రెండో అంకెతోనే.

మేకకు చెమట తక్కువ. అది వేడిని ముఖ్యంగా ఊపిరితో బయటకు పంపుతుంది. మామూలుగా నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీసే మేక, వేడి ఎక్కువైతే నోరు తెరిచి వందకు పైగా రొప్పుతుంది. దాని నోరు, ముక్కు, ఊపిరితిత్తులు మన కుండ లాంటివి. లోపలి తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కలో ఎంత రొప్పినా ఆరదు. రొప్పే శ్రమకు ఇంకా వేడి పుడుతుంది.

ఎండనూ తేమనూ కలిపి లెక్కగట్టే సూచిక ఒకటి ఉంది. దాన్ని 1959లో థామ్ అనే అమెరికా వాతావరణ నిపుణుడు మనుషుల కోసం తయారుచేశాడు. తర్వాత పశువులకు వాడుతున్నారు. పశువులకు వాడే ఒక సూత్రం ప్రకారం 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే అంకె 85 దాటుతుంది. 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే 88 దాటుతుంది. ఈ అంకెలు ఆవుల కోసం కట్టినవి, మేక ఇంకొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. మనకు కావలసింది పోలిక. ఎనిమిది డిగ్రీలు తక్కువ ఉన్న తడి గాలి ఎక్కువ బాధ పెడుతోంది. దాది మాట సరిగ్గా ఇదే.

ఉక్క ఒంటరిగా రాదు కూడా. తడి, వెచ్చదనం కలిసినప్పుడు గడ్డి మీద నులిపురుగుల పిల్లలు పొదిగి, పొద్దుటి మంచుతో పాటు గడ్డిపోచల చివరికి ఎక్కుతాయి. వాటిని మేసిన మేక రెప్ప లోపల తెల్లబడుతుంది, దవడ కింద నీటి సంచి దిగుతుంది. కొత్త పచ్చిక ఆబగా తిన్న పిల్లలకు చిటుక రోగం తగిలి రాత్రి బాగున్నవి తెల్లారేసరికి చచ్చి ఉంటాయి. పోయేవి ఎప్పుడూ మందలో బలిసినవే. బురదలో నిలబడితే గిట్టల మధ్య కుళ్లుతుంది. గాలి ఆడని చోట కిక్కిరిసి పడుకుంటే ఊపిరితిత్తుల జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి పోతాయి. పారుడు రోగం కూడా అలా దగ్గర దగ్గర ఊపిరితో అంటుకునేదే. పీపీఆర్ అనే ఈ రోగాన్ని మన దేశంలో మొదటిసారి 1987లో తమిళనాడులో గుర్తించారు.

సీత్లా భవాని

ఇప్పుడు మా పండుగ దగ్గరికి వద్దాం. ఆషాఢంలో ఒక మంగళవారం తండా అంతా సీత్లా పండుగ చేస్తుంది. తండా పొలిమేరలో, వేపచెట్టు కింద ఏడు రాళ్లు వరసగా నిలిపి రంగు పూస్తారు. వాళ్లు ఏడుగురు భవానీలు. ఎదురుగా కాపలాకు లుంకడియా ఉంటాడు. ఆడవాళ్లు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు నెత్తిన పెట్టుకుని పాటలు పాడుతూ పోతారు. మేకపోతునో, కోడినో బలి ఇస్తారు. మేకపోతు పేగును దారికి అడ్డంగా పరిచి తండాలోని ఆవులను, ఎద్దులను, మేకలను, గొర్రెలను దాని మీదుగా దాటిస్తారు. దాటే పశువుల మీద గుగ్గిళ్లు చల్లుతారు. రోగం రావద్దని, మంద పెరగాలని మొక్కుతారు.

బయటివాళ్లు దీన్ని చూసి మూఢనమ్మకం అని రాశారు. మా చదువుకున్న పిల్లలు కొందరు సిగ్గుపడ్డారు. పేగు దాటితే రోగం పోతుందని మేము బళ్లో చెప్పం. కాని చరిత్రగా చూసినప్పుడు కొన్ని సంగతులు కనబడతాయి. శీతల అంటే చల్లనిది. ఉత్తర దేశంలోనూ ఆమె జ్వరాల, అమ్మవారి పొక్కుల దేవత. అక్కడి నుంచి ఎద్దుల వెంట నడిచి వచ్చిన మా పెద్దలు ఆమెను తమతో తెచ్చుకున్నారు. ఈ గడ్డ మీద ఆమెకు మొక్కేది ఎండలు మండే మేలో కాదు, పొడి వేడి తడి వేడిగా మారే ఆషాఢంలో. మంద ఎప్పుడు పోతుందో ఎరిగినవాళ్లే ఆ నెలకు దేవతను కాపలా పెట్టగలరు.

ఇంకొకటి. ఆ రోజు తండాలోని ప్రతి పశువూ ఒకే దారిన, ఒక్కొక్కటిగా, పెద్దలందరి కళ్ల ముందు నుంచి దాటుతుంది. కుంటేది ఏది, ముక్కు కారేది ఏది, తోక వెనక తడిసి ఉన్నది ఏది అన్నది దాచినా దాగదు. మా చిన్నప్పుడు అలా కనబడ్డ మేకను నాయక్ వేరుగా కట్టెయ్యమని చెప్పేవాడు. రోగం ఉన్న మంద పక్క తండా వాగుకు పోకూడదనేది కూడా ఆ రోజు మాటే. ఏడాదికి ఒకసారి జరిగే పశువుల పరీక్ష అది. పూజ కింద పరీక్ష దాగి ఉంది, మేము పూజను మాత్రమే గుర్తు పెట్టుకున్నాం.

తెలివి జారిన చోటు

మా దాది కాలపు దొడ్డి తుమ్మకంపతో కట్టిన కంచె. గాలి నాలుగు దిక్కుల నుంచి ఆడేది. వానకు మాత్రం ఒక మూల బోదగడ్డి కప్పు. మేకకు వానంటే భయం, నాలుగు చినుకులు పడితే పరుగెత్తుతుంది. ఆ మూల రాళ్లు పేర్చి ఎత్తు చేసేవాళ్లు, మూత్రం నిలవకుండా. ఉక్క రాత్రుల్లో మందను దొడ్డిలో కాకుండా గుట్ట బండ మీద పడుకోబెట్టేవాళ్లు. పొద్దున మంచు ఆరినాకే బయటకు తోలేవాళ్లు. ఒక చోట నెల తిప్పితే మరో చోటికి మార్చేవాళ్లు. బండ మీద గాలి ఉంది, పురుగు లేదు. మంచు ఆరితే పురుగు గడ్డి మొదట్లోకి దిగుతుంది. చోటు మారితే పురుగుకు మేక దొరకదు. ఈ మూడు కారణాలు ఆమెకు తెలియవు. ఆ మూడు పనులు మాత్రం తప్పేది కాదు.

ఇవన్నీ చెయ్యాలంటే చోటు కావాలి. ఆ చోటు తగ్గుతూ వచ్చింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాది పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కాలువ కింది ఊళ్లకు అన్నం వచ్చింది, దాన్ని మేము కాదనం. కాని వరి మళ్లు పరుచుకున్న చోట మేకకు మెట్ట మేత పోయింది. నిలవ నీటి నత్తల వల్ల జలగ రోగం వచ్చింది. 1978లో కృష్ణ ఒడ్డు అడవులు అభయారణ్యం అయ్యాయి, 1983లో పులుల సంరక్షణ కిందికి వచ్చాయి. రాష్ట్రం విడిపోయినాక మా వైపుది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మేక అడవికి శత్రువు అన్న మాట మా చిన్నప్పటి నుంచి వింటున్నాం. మాకూ, మా పక్కన పెంటల్లో ఉండే చెంచు సోదరులకూ అడవిలో అడుగు పెట్టాలంటే ఎవరినో అడగవలసిన రోజులు వచ్చాయి. ఊళ్ల చుట్టూ బంచరాయిలు పట్టాలయ్యాయి. వేప, చింత పోయి సర్కారు తుమ్మ మిగిలింది.

చోటు పోయినాక మంద ఇంటి పక్కకు వచ్చింది. కంప పోయి రేకుల షెడ్డు వచ్చింది.

ఆ షెడ్డు మా ఇంట్లోనూ వచ్చింది. ఒక ఏడు అప్పు చేసి రేకులు కప్పించాం. కుక్కల భయం, దొంగల భయం అని చుట్టూ గోడ లేపి చిన్న తలుపు పెట్టాం. ఎండాకాలం మంద పగలు చెట్ల కింద ఉండేది కాబట్టి తేడా తెలియలేదు. ఆషాఢంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు మందను లోపలే ఉంచాం, తడవకుండా కాపాడుతున్నాం అనుకుని. పొద్దున తలుపు తీస్తే కళ్లు మండే ఘాటు. గోడలకు చెమట. మేకలు పడుకోకుండా మెడలు చాచి తలుపు వైపే నిలబడి ఉన్నాయి. అది అవి మాతో మాట్లాడడమే, మాకు వినపడలేదు. అయిదో రోజు దగ్గు. ఇరవై మూడు మేకల్లో వారంలో తొమ్మిది పోయాయి. టీకా కోసం పోతే మందు లేదు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ మాట మీద మాకు ఇప్పటికీ కోపం ఉంది. కాని టీకా వెయ్యవలసింది మేలో, మేము పోయింది జులైలో. గోడ కట్టింది మేమే. అప్పటికి దాది లేదు. ఉంటే గోడ లేవనిచ్చేది కాదు.

ఆ ఏడు మా చెల్లెలు కాలేజీ చదువు ఆగింది. తండాలో మేక చస్తే ఆగేవి ఇలాంటివే.

మళ్లీ కలుపుకోవలసింది

తర్వాత మేము గోడలు నడుము ఎత్తుకు దించి పైన జాలీ కొట్టించాం. రేకుల మీద బోదగడ్డి పరిచాం. నేల ఎత్తు చేసి వాలు పెట్టాం. ఒక పక్కకు కట్టె పలకలతో మంచె వేశాం, సందుల్లోంచి పెంటికలు కిందికి రాలిపోతాయి. వేప మొక్కలు నాటాం. ఖర్చు షెడ్డు ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

2018 చట్టంతో మన తండాలు గ్రామ పంచాయతీలు అయ్యాయి. మన సర్పంచులు, మన తీర్మానాలు. కాబట్టి ఒక మాట ముందు పెడుతున్నాం. సీత్లా పండుగ తేదీని తండాలో పెద్దలు నిర్ణయిస్తారు కదా. దానికి నెల రోజుల ముందే, అంటే మిరుగుకు ముందు, చిటుక రోగం టీకా తండా అంతా ఒకే రోజు వేయించాలని తీర్మానం రాద్దాం. పారుడు టీకా వేసింది ఎప్పుడో చూసుకుని, వెయ్యని పిల్లలకు వేయిద్దాం. నులిపురుగుల మందు తాగిద్దాం. మందు లేదంటే అడగడానికి అప్పటికి ఇంకా నెల చేతిలో ఉంటుంది. 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుందని ప్రతి ఇంటి తలుపు మీద రాయిద్దాం. పండుగ రోజు పశువులు దాటేటప్పుడు బళ్లో చదివే మన పిల్లలను పక్కన నిలబెట్టి, కుంటేవి, దగ్గేవి, రెప్ప తెల్లబడ్డవి రాయిద్దాం.

పండుగ మానమని చెప్పడం లేదు. గుగ్గిళ్లు ఉడకనీ, పాట సాగనీ. చల్లని తల్లిని ఆషాఢంలోనే ఎందుకు పిలిచారో పిల్లలకు చెబుదాం. మా బళ్లో ఈ ఏడు జూన్‌లో తడిగుడ్డ థర్మామీటరును వరండాలో కాదు, ఒక మేకల కొట్టంలో కట్టబోతున్నాం. రాత్రి చదవడానికి కాపరి ఇంటి పిల్లే ఒప్పుకుంది. వాళ్ల యాడీ ఎలాగూ లేస్తుందట, తోడు పోతానంది.